బ్రేక్ ఆయిల్ ఎవరు పోశారు?

మా ఇంట్లో ఒక అంబాసిడర్ ఉంది. మార్క్ 4, పెట్రోలు బండి. 1986లో తాతయ్య కొన్నాడు. అంటే నాకన్నా పదేళ్లు పెద్దది. వయసు లెక్కన చూస్తే నేనే దాన్ని 'అన్నా' అని పిలవాలి.

ఇప్పటి పిల్లలకు అంబాసిడర్ అంటే పాత సినిమాల్లో మంత్రిగారు దిగే తెల్ల కారు. బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది. దాన్నే కొద్దిగా మార్చి, పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపార ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు తయారుచేశారు. 2014లో ఆపేశారు. మా నరసరావుపేటలో ఒకప్పుడు పెళ్లికైనా, పురిటికైనా, గుంటూరు పెద్దాసుపత్రికైనా అదే బండి. మా వీధిలో సగం మంది పిల్లలు పుట్టాక ఇంటికొచ్చింది మా కారులోనేనని నానమ్మ గొప్పగా చెప్పేది.

తాతయ్య పోయాక కారు నాన్నది అయింది. నాన్న హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారు. రిటైరై మూడేళ్లయింది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. రెండు వారాలకోసారి శుక్రవారం రాత్రి బస్సెక్కి ఊరొస్తా.

పోయినేడాది నాకో పిచ్చి పట్టింది. ఇన్‌స్టాలో పాత కార్లను కొత్తగా చేసే వీడియోలు చూసీ చూసీ, మన బండిని కూడా అలా మెరిపించాలనుకున్నా. నాన్నను ఒప్పించా. పెయింటుకు 85 వేలు. సీట్లు, లోపలి గుడ్డ, బంపర్లకు క్రోమ్ పూత కలిపి ఇంకో 40 వేలు. పని జరుగుతున్న ప్రతి దశనూ రీల్ చేశా. ఒకదానికి లక్ష దాటి వ్యూస్ వచ్చాయి. 'బ్రో, సేల్ చేస్తావా?' అని కామెంట్లు.

పైన అంత చేసినవాణ్ని, ఒక్కసారి కూడా వంగి అడుగున ఏముందో సరిగ్గా చూడలేదు. నిజం చెప్పాలంటే, చూశా. చూసి కూడా నోరు మూసుకున్నా. ఈ కథంతా దాని గురించే.

వెనక చక్రం దగ్గర తడి

పెయింటుకు బండి ఇవ్వడానికి వారం ముందు, షెడ్డులో కారు కడుగుతుంటే ఎడమ వెనక చక్రం లోపలివైపు తడిగా కనిపించింది. వేలుతో తాకా. జిడ్డుగా ఉంది కానీ ఇంజిన్ ఆయిల్లా నల్లగా లేదు. లేత టీ రంగు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తే మట్టం గీతకు ఒక వేలు కిందికి ఉంది.

బ్రేక్ ఆయిల్ పెట్రోల్లాగా ఖర్చయ్యేది కాదు. ఆవిరైపోయేదీ కాదు. అది మూతపెట్టిన పైపుల్లో ఉండే ద్రవం. తగ్గిందంటే రెండే కారణాలు. ఒకటి, బ్రేక్ లైనర్లు అరిగి, చక్రాల దగ్గరుండే సిలిండర్లలోకి కాస్త ఎక్కువ ఆయిల్ చేరడం. అది నెలల తరబడి మెల్లగా జరుగుతుంది. రెండోది, ఎక్కడో కారడం. చక్రం పక్కన తడి కనిపించాక ఇది మొదటి రకం అనుకోవడానికి వీల్లేదు.

ఇదంతా నాకు అప్పటికే తెలుసు. వీడియోలు చూసినవాడికి ఆ మాత్రం తెలియదా! కానీ పెయింటరు సోమవారం నుంచి తేదీలిచ్చాడు. ఇప్పుడు బ్రేకుల సంగతి ఎత్తితే నాన్న "ముందు అది చూడు, రంగు తర్వాత" అంటాడు. అమ్మయితే ఇంకో అడుగు ముందుకేసి "ఈ డొక్కు అమ్మేయండి" అంటుంది. అమ్మ ఆ మాట అనని నెల లేదు.

దుకాణానికెళ్లి అర లీటరు బ్రేక్ ఆయిల్ డబ్బా తెచ్చి, గీత దాకా పోసి మూత పెట్టేశా. పెయింటయ్యాక చూద్దాంలే అనుకున్నా.

పెయింటయింది. బండి పెళ్లికొడుకులా ఉంది. తర్వాత ఊరొచ్చిన ప్రతిసారీ, నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే షెడ్డులోకెళ్లి మూత తీసి చూసేవాణ్ని. రెండు వారాలకు తగ్గేది కొంచెమే. 'ఇంతేగా' అనుకుని ఆ కొంచెం పోసేవాణ్ని. డబ్బాను షెడ్డులో పాత సామాన్ల వెనక దాచేవాణ్ని. రెండు నెలలు ఇలాగే నడిచింది.

కొండ దిగుతుంటే

కార్తీకమాసంలో ఒక ఆదివారం అందరం కోటప్పకొండ వెళ్లాం. నేను, నాన్న, అమ్మ, అక్క, అక్క కూతురు. పాపకు ఆరేళ్లు. పైకి ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్దగా పనుండదు కదా, అంతా బాగానే ఉంది. త్రికోటేశ్వరుడి దర్శనం చేసుకుని, పులిహోర తిని, పన్నెండింటికి దిగడం మొదలుపెట్టాం.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి అంటారు పెద్దవాళ్లు. నేను టాప్ గేరులో, కాలు బ్రేకు మీదే ఆనించి దిగుతున్నా. ఫోను డ్యాష్‌బోర్డు మీద ఆన్‌లో ఉంది. రీల్ కోసం.

మొదటి మలుపులో పెడల్ కాస్త మెత్తగా అనిపించింది. రెండో మలుపు ముందు గట్టిగా నొక్కా. పెడల్ నేలకు ఆనింది. ఎదురు ఏమీ లేదు. చీకట్లో లేని మెట్టు మీద కాలు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"నాన్నా, బ్రేకు లేదు."

నా గొంతు నాకే వినపడలేదు. నాన్నకు వినపడింది. "పంప్ కొట్టు! గేరు దించు!" అని అరిచాడు. వరసగా నొక్కా. ఐదారుసార్లకు చిన్నగా పట్టినట్టే పట్టి మళ్లీ జారిపోయింది. స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డును థర్డులోకి, ఆ తర్వాత సెకండులోకి లాగా. ఇంజిన్ ఏడ్చినట్టు అరిచింది. హ్యాండ్ బ్రేకు కూడా లాగా. వేగం తగ్గింది కానీ బండి ఆగలేదు.

ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. "కొండకేసి పోనీ" అన్నాడు నాన్న. ఆ మాట మాత్రం అరవలేదు. క్లాసులో పిల్లాడికి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు. స్టీరింగు ఎడమకు తిప్పా. మట్టిగట్టుకు రాసుకుంటూ, రాళ్లు గీరుకుంటూ పోయి బండి ఆగింది.

ఎడమ మడ్‌గార్డు నలిగిపోయింది. అమ్మ గాజులు పగిలి చేతికి గీరుకుంది. పాప ముందు సీటుకు కొట్టుకుని నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. ఏడవడం కూడా మర్చిపోయి, "మావయ్యా, కారుకి దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

మేమింకా కిందికి దిగుతూ ఉండగానే ఎదురు మలుపులోంచి భక్తుల బస్సు ఒకటి పైకొచ్చి, హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. అర నిమిషం తేడా. ఆ బస్సు వెళ్లిపోయాక కూడా నేను చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డా.

నాన్న బోనెట్ మీద చెయ్యి వేసి నిలబడి, "ఆయిల్ చూసుకోవాల్సింది" అన్నాడు.

నన్నే అంటున్నాడనుకున్నా. తల దించుకున్నా.

పాస్కల్ చెప్పింది, మాస్టారు చెప్పింది

బండిని మా ఊరి మెకానిక్ అన్న షెడ్డుకు కట్టి లాక్కొచ్చారు. అన్న ఒకప్పుడు నాన్న దగ్గర పదో తరగతి చదివాడు. ఫిజికల్ సైన్స్‌లోనే తప్పాడు. ఆ సంగతి ఇద్దరూ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

జాకీ ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, నాలుగు చక్రాలూ ఊడదీశాడు. తర్వాత టార్చ్ పట్టుకుని కిందికి దూరాడు. "ఇలా రా తమ్ముడూ" అని నన్నూ పిలిచాడు.

ముందు నుంచి వెనక్కి సన్నటి ఇనప పైపు ఒకటి వెళ్తుంది. లావు 3/16 అంగుళం, అంటే ఐదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మన చిటికెన వేలులో సగం కూడా ఉండదు. టన్ను పైగా బరువున్న కారును ఆపే శక్తి అంతా ఆ సన్నటి పైపుల్లోంచే వెళ్తుంది. వెనక యాక్సిల్ మీద ఆ పైపును పట్టి ఉంచే చిన్న క్లిప్పు ఉంది. క్లిప్పు చుట్టూ ఏళ్ల తరబడి చేరిన బురద గట్టిపడి ఉంది. అన్న దాన్ని గీకి, స్క్రూడ్రైవర్ మొనతో పైపును మెల్లగా పొడిచాడు. మొన లోపలికి దిగిపోయింది. టీలో ముంచిన బిస్కెట్టులా ఉంది ఇనుము.

"మాస్టారూ, ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే ఏమవుతుందీ?" అని కింద నుంచే అరిచాడు అన్న.

"అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుంది" అన్నాడు నాన్న అలవాటుగా.

"మరి చిల్లుంటే?"

నాన్న మాట్లాడలేదు.

మనం పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను పైపుల్లోకి నెడుతుంది. ఆ ఒత్తిడి నాలుగు చక్రాల దగ్గరున్న సిలిండర్లకు చేరి, బ్రేక్ షూలను డ్రమ్ముకేసి అదుముతుంది. పాస్కల్ నియమం అంతే. ఇప్పటి కార్లలో ఈ పైపులు రెండు వేర్వేరు సర్క్యూట్లుగా ఉంటాయి. ఒకటి పోయినా రెండోదానితో బండి ఆగుతుంది. మా పాత బండిది ఒకటే సర్క్యూట్. ఎక్కడ చిల్లు పడినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోయినట్టే.

బయట బురద వల్ల తుప్పు పట్టిందంటే అర్థముంది, లోపల కూడా ఎందుకు పట్టింది? ఎప్పుడూ ఆయిల్ నిండే ఉంటుంది కదా? అన్న విరిగిన ముక్కను నా చేతిలో పెట్టాడు. లోపల కూడా ఎర్రగా పొక్కులున్నాయి.

కారణం ఆ ఆయిలే. పేరుకు ఆయిల్ అంటాం కానీ అది మామూలు నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకునే గుణం దానికుంది. మూత సందుల్లోంచి, రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా తేమ కొంచెం కొంచెంగా చేరుతుంది. ఆ నీరు పైపును లోపలి నుంచి తింటుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చాక దానికి 140 డిగ్రీలుంటే చాలని ప్రమాణం. డాట్ 4 అయితే 230, 155. కొండ దిగుతూ కాలు తీయకుండా బ్రేకు నొక్కితే ఆ వేడి పుట్టడం కష్టమేమీ కాదు. ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి స్పాంజిలా నలుగుతుంది, ఒత్తిడిని చక్రందాకా చేర్చదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చాలంటారు. మా బండికి ఎప్పుడు మార్చామో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

"పగిలిన పైపు ఒక్కటీ మార్చేద్దాం అన్నా" అన్నా నేను. జేబు ఖాళీ, రంగుకు పోసి వచ్చా కదా.

అన్న ఒప్పుకోలేదు. ముందు చక్రం దగ్గరి రబ్బరు హోస్ పైపును బ్లేడుతో నిలువునా కోసి చూపించాడు. బయటికి బాగానే ఉంది. లోపల రబ్బరు ఉబ్బి, సూది పట్టేంత సందే మిగిలింది. ఇలా ఉబ్బితే ఆయిల్ ముందుకు వెళ్తుంది కానీ సరిగ్గా వెనక్కి రాదు. కాలు తీసినా బ్రేకు పట్టేసే ఉంటుంది.

"తమ్ముడూ, ఇవన్నీ ఒకే రోజు పుట్టినవి. ఒకటి పోయిందంటే మిగతావి వరసలో నిలబడ్డట్టే. కొత్తది వేస్తే ఒత్తిడికి ఆ పక్కనున్నది పోద్ది. మొత్తం మారుస్తానంటే చేస్తా. లేకపోతే బండి ఇంకెక్కడికైనా తోలుకుపో. నాకు మాస్టారి ఉసురు వద్దు."

రెండు గుండ్రటి మచ్చలు

అప్పుడే అన్న చూపు కుడి మడ్‌గార్డు మీద పడింది. కొత్త రంగు మీద రెండు గుండ్రటి మచ్చలు. డబ్బా పెట్టి తీసినట్టు. ఆ గుండ్రాల వెంట రంగు ఉబ్బి పెచ్చులూడుతోంది.

ఆ మచ్చలు నేను నెల కిందటే చూశా. అంత డబ్బు తీసుకుని నాసిరకం రంగు వేశాడని పెయింటరుకు ఫోన్ చేసి నానా మాటలన్నా. పాపం, ఆయన తప్పేమీ లేదు. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది. చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. గుడ్డతో తుడిస్తే సరిపోదు. అడుగున తడి ఉన్న డబ్బాను మడ్‌గార్డు మీద పెట్టింది నేనే.

కానీ మచ్చలు రెండు. ఒకటి పెద్దది, నా అర లీటరు డబ్బాదే. రెండోది చిన్నది. పావు లీటరుది.

అన్న ఆ రెండు మచ్చల మీదా వేలు పెట్టి, నన్నోసారి, నాన్ననోసారి చూశాడు.

"ఆయిల్ ఎవరు పోశారు?"

నేను నేల చూశా. నాన్న గోడ మీద క్యాలెండరు చూశాడు. అన్న ఇంక అడగలేదు. "రేపు ఆటోనగర్ పోదాం" అని చేతులు కడుక్కున్నాడు.

రాగి వద్దు

విజయవాడ ఆటోనగర్‌లో దొరకని బండి సామాను ఉండదంటారు. ఇప్పుడు తయారీలో లేని కారుకు కూడా అక్కడ సగం రోజులో అన్నీ దొరికాయి. బ్రేకు కోసమే చేసిన, పూత వేసిన స్టీలు పైపు చుట్ట, యూనియన్ నట్లు, మూడు రబ్బరు హోసులు, వీల్ సిలిండర్ల వాషర్ కిట్లు, మాస్టర్ సిలిండర్ కిట్.

ఒకచోట మెరుస్తున్న రాగి పైపు చూసి నేను ఆగిపోయా. తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది, వీడియోలో కూడా బాగుంటుంది. అన్న నా చెయ్యి పట్టి లాగాడు. ఉత్త రాగి కుదుపులకు మెల్లగా గట్టిపడి చిట్లుతుంది. ఫ్రిజ్జుకు, ఏసీకి పనికొచ్చిన పైపు బ్రేకుకు పనికి రాదు. రాగిలో పదో వంతు నికెల్ కలిపిన పైపులు వేరే ఉన్నాయి. తుప్పుకు, కుదుపులకు రెంటికీ తట్టుకుంటాయి. వోల్వో కంపెనీ 1976 నుంచే తన కార్లకు వాటిని వాడింది. విదేశాల్లో పాత కార్లవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది వాటినే. మాకు ఆ రోజు చేతికందింది మంచి స్టీలు. అదే తీసుకున్నాం.

షెడ్డుకొచ్చాక అసలు పని మొదలైంది. పాత పైపులను విరగకుండా తీసి నేల మీద పరిచాం. కొత్త పైపును వాటి పక్కన పెట్టి, అవే వంకలు తిరిగేలా వంచాలి. చేత్తో వంచితే నలుగుతుంది. కప్పీలాంటి చిన్న సాధనంలో పెట్టి మెల్లగా వంచాలి. తర్వాత చివర్లు. పైపు కొనను గొట్టం నోరులా విప్పి, ఆ అంచును మళ్లీ లోపలికి మడిచి రెండు పొరలు చెయ్యాలి. దాన్ని ఫ్లేరింగ్ అంటారు. నట్టు బిగిస్తే ఆ రెండు పొరలే ఒదిగి, కారకుండా ఆపుతాయి. మడిచే ముందు నట్టును పైపుకు ఎక్కించాలి. నేను మొదటి రెండు పైపులకూ ఆ సంగతి మర్చిపోయా. చివర అందంగా మడిచి చూస్తే నట్టు టేబుల్ మీదే ఉంది. కోసి మళ్లీ మొదటికి.

అన్న నవ్వాడు. "ఇది కూడా వీడియో తియ్యి" అన్నాడు. తీయలేదు.

సామాన్లూ, కూలీ కలిపి మొత్తం 11,200 అయింది. పెయింటుకు పోసినదాంట్లో ఏడో వంతు కూడా కాదు.

నొక్కండి... పట్టుకోండి... వదలండి

పైపులన్నీ వేశాక లోపలి గాలి మొత్తం తియ్యాలి. బుడగ మిగిలితే పెడల్ మెత్తగానే ఉంటుంది. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ నొక్కాలి. ఇంకొకరు చక్రం దగ్గర నిప్పుల్‌ను పానాతో వదులు చెయ్యాలి. నిప్పుల్‌కు తగిలించిన సన్నటి గొట్టంలోంచి ఆయిల్, బుడగలు సీసాలోకి వస్తాయి. కాలు తీయకముందే నిప్పుల్ బిగించాలి. లేకపోతే గాలి మళ్లీ లోపలికి పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మాకది ఎడమ వెనక చక్రం.

అన్నకు ఇంకో బండి వచ్చింది. "మీరిద్దరూ కానివ్వండి" అని వెళ్లిపోయాడు. వెళ్లాల్సి వచ్చి వెళ్లాడో, కావాలనే వెళ్లాడో ఇప్పటికీ అడగలేదు.

నాన్న సీట్లో. నేను చక్రం కింద. ఒకరి ముఖం ఒకరికి కనపడదు.

"నొక్కు నాన్నా."

"నొక్కా."

"పట్టుకో." నిప్పుల్ వదులు చేశా. కాఫీ రంగు ఆయిల్, నురగ. బిగించా. "వదులు."

అలా ఏడెనిమిది సార్లు అయ్యాక, సీసాలోకి చూస్తూనే అన్నా.

"నాన్నా, ఆయిల్ నేనే పోశా. పెయింటుకు ముందు నుంచే కారుతోంది. నాకు తెలుసు."

పైన చప్పుడు లేదు. అమ్మ గాజులు, పాప నుదురు, ఆ బస్సు హారను, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. తిడితే బాగుండు అనిపించింది.

"నేనూ పోశారా" అన్నాడు నాన్న.

పానా చేతిలోంచి జారింది.

"రెండు నెలల నుంచి. బుధవారం బుధవారం చూసేవాణ్ని. కొంచెమే తగ్గేది. పోసేవాణ్ని. నీకు చెబితే ఇంక చాలు, అమ్మేద్దాం అంటావేమో అనుకున్నా. ఇప్పటికే బోలెడు పెట్టావు. మీ అమ్మ ఎలాగూ అంటూనే ఉంది. మా నాన్న బండి కదా..." కాసేపాగి, "ముప్పై ఏళ్లు పిల్లలకు పాస్కల్ నియమం చెప్పినవాణ్ని. పాపను ఎక్కించుకుని కొండకు పంపించా" అన్నాడు. ఆ చివరి మాటకు గొంతు సన్నబడింది.

అప్పుడు లెక్క తేలింది. రెండు వారాలకోసారి నేను చూసేసరికి, మధ్యలో నాన్న రెండుసార్లు పోసి ఉండేవాడు. నాన్న చూసేసరికి నేను పోసినది ఉండేది. కారేది చాలా ఎక్కువ. కానీ ఎవరికి వాళ్లకు కనపడింది 'కొంచెమే'. ఇద్దరిలో ఒక్కరు పోయడం మానేసినా ఆ డబ్బా ఎప్పుడో ఖాళీ అయ్యేది, బండి షెడ్డులోంచి కదిలేదే కాదు. ఒక్కరు నోరు విప్పినా చాలేది. మేమిద్దరం ఎంతో జాగ్రత్తగా, ఒకరికి తెలియకుండా ఒకరం, ఆ చిల్లును కాపాడుకుంటూ వచ్చాం.

కొండ మీద నాన్న అన్న మాట నన్ను కాదని అప్పటికి అర్థమైంది.

"నొక్కు నాన్నా" అన్నా. ఇంకేం అనాలో తెలియలేదు.

"నొక్కా" అన్నాడు.

నాలుగు చక్రాలూ పూర్తయ్యేసరికి సాయంత్రం అయింది. సీసాలోకి తేటగా, బుడగ లేకుండా వచ్చింది. పెడల్ సగంలోనే రాయిలా ఆగింది. నాన్న బలంగా నొక్కి పట్టుకుంటే, నేను టార్చ్ వేసి ప్రతి అతుకునూ టిష్యూ కాగితంతో తుడిచి చూశా. ఎక్కడా తడి లేదు. సీసాలో పట్టిన ఆయిల్‌ను మళ్లీ పోయకూడదు. పక్కన పెట్టేశాం.

ఆ రాత్రి అన్నం దగ్గర నాన్నే అమ్మకు మొత్తం చెప్పాడు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కారు అమ్మేయమని నేననేది కారు మీద కోపంతో కాదు. మీరిద్దరూ దాని గురించి నాకెప్పుడూ నిజం చెప్పరని" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

డ్యాష్‌బోర్డు అరలో పుస్తకం

ఇప్పుడు కారు డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోట్‌బుక్ ఉంది. నాన్న పెట్టాడు. మొదటి పేజీలో ఆయన బోర్డు మీద రాసే అక్షరాలతో మూడే గడులు. తేదీ, ఎవరు చూశారు, మట్టం ఎంత. ఎవరు మూత తీసినా రాయాల్సిందే. కింద ఎర్ర ఇంకుతో 'రాయకుండా పోయరాదు' అని ఉంది.

నలిగిన ఎడమ మడ్‌గార్డును సరిచేయించాం. కుడి మడ్‌గార్డు మీది రెండు గుండ్రటి మచ్చలను మాత్రం అలాగే ఉంచాం. పెయింటరు ఇంటికెళ్లి క్షమాపణ చెప్పా. ఆయన టీ ఇప్పించి, "మచ్చలు తీసేయమంటావా?" అని అడిగాడు. వద్దన్నా.

మీ ఇంట్లో పాత కారు ఉండకపోవచ్చు. బైకు ఉంటుంది కదా. డిస్క్ బ్రేకు ఉన్న బైకైతే హ్యాండిల్ మీద బ్రేకు లివరు పక్కన చిన్న డబ్బా, దానికో గాజు కన్ను ఉంటుంది. అందులోనూ ఇదే ద్రవం, ఇదే పాస్కల్ నియమం. ఓసారి చూడండి. మట్టం కింది గీతకు దిగినా, ఆయిల్ కాఫీ రంగుకు మారినా, లివరు మెత్తగా వేళ్ల దాకా వచ్చేస్తున్నా మెకానిక్‌కు చూపించండి. ఊరికే పోసేసి మూత పెట్టకండి. మూత మీద ఏ రకం రాసి ఉందో అదే వాడండి. ఇంజిన్ ఆయిల్‌లాంటిది పొరపాటున కూడా పోయకండి, లోపలి రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. హోస్ పైపును వంచి చూసి, పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. అన్నిటికన్నా ముందు, ఇంట్లో అదే బండి నడిపే ఇంకో మనిషికి చెప్పండి.

పోయిన వారం ఊరెళ్లినప్పుడు నోట్‌బుక్ తెరిచా. తొమ్మిది నెలల్లో పోసినట్టు ఒక్కసారి కూడా లేదు. ప్రతి బుధవారం నాన్న రాసింది ఒకటే: 'చూశాను. తగ్గలేదు.' ప్రతి రెండో శనివారం నాది. మధ్యలో ఒక బుధవారం మాత్రం ఎదురు పేజీలో ఖాళీ చోట నాన్న ఇంకో వాక్యం రాశాడు.

'ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. శనివారం వచ్చినప్పుడు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లు.'

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని అడిగితే, "రాయకుండా దాచకూడదని నేనే పెట్టాగా రూలు" అన్నాడు. ఆ శనివారమే ఆసుపత్రికి వెళ్లాం. అంబాసిడర్‌లోనే. ఎక్కే ముందు నాన్న మూత తీసి మట్టం చూశాడు, నేను రాశా.